ఆగిన చోటు: సుగ్గికి పోయే ఊరి పదో తరగతిలో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్, ఒక కేస్ స్టడీ

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని డివిజన్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. అక్కడ నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. 2024-25లో పదో తరగతి ఒక సెక్షన్‌కి, 36 మంది పిల్లలకి, ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతిలో పాఠాలు నడిపాను. పాఠం వివరణ చిన్న వీడియోగా ముందురోజే ఇంటికి వెళ్తుంది. బడిలో పీరియడంతా ప్రశ్నలకి, ప్రయోగాలకి, లెక్కలకి మిగులుతుంది. పద్ధతి ఇంతే. ఇందులో ఏది పనికొచ్చింది, ఏది చెడింది, నేనెక్కడ పొరబడ్డాను అన్నది తోటి టీచర్లకి ఉపయోగపడుతుందని దాచకుండా రాస్తున్నాను. పిల్లల పేర్లు మాత్రం రాయను.

మా ప్రాంతం గురించి చెప్పకపోతే ఈ సంగతి సగమే అర్థమవుతుంది. వాన పడితేనే పంట. ఆ పంట ఇల్లు చేరాక ఊళ్లో పని ఉండదు. దసరా, దీపావళి దాటగానే కుటుంబాలకి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు, పల్నాడు వైపు పోతాయి. ముందు పత్తి తీతలు, సంక్రాంతి తర్వాత మిరప కోతలు. దీన్ని మావాళ్లు సుగ్గి అంటారు. ఉగాదికి ఇళ్లకి తిరిగొస్తారు. అమ్మానాన్నలతో పాటు పిల్లలూ పోతారు. వలస కాలంలో పిల్లల్ని ఊళ్లోనే ఉంచుకునే సీజనల్ హాస్టళ్లు ఉన్నా, పదహారేళ్ల ఆడపిల్లని ఊళ్లో వదిలి పోవడానికి చాలామంది తల్లులకి మనసొప్పదు. నవంబరు నుంచి మార్చి దాకా నా హాజరులో కొన్ని పేర్లు అలా ఖాళీగా ఉండిపోతాయి.

ఈ పద్ధతి పుట్టుక గురించి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది కూడా బడికి రాని పిల్లల సంగతే. 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం వుడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మాన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు తమ పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఆటల పోటీలకని, ఇంకో పనికని దూరం వెళ్లి క్లాసు పోగొట్టుకునే పిల్లల కోసం చేసిన పని అది. తర్వాత, వివరణంతా వీడియోలో ఉన్నప్పుడు క్లాసులో మళ్లీ అదే ఎందుకు చెప్పాలన్న ఆలోచన వచ్చి పద్ధతే తిరగబడింది. అక్కడ ఆటలకి పోయే పిల్లలు, ఇక్కడ సుగ్గికి పోయే పిల్లలు. రాని పిల్లల కోసం పుట్టిన పద్ధతి రాని పిల్లలకి అందిందా లేదా అన్నదాన్నే నా కొలతగా పెట్టుకున్నాను. మార్కులు ఆ తర్వాతి సంగతి.

ఇంట్లో ఫోను వేరు, చేతిలో ఫోను వేరు

జూన్‌లో బడి తెరవగానే పిల్లల్ని అడిగాను, ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎంతమందికి ఉందని. 27 చేతులు లేచాయి. 36లో 27 అంటే మంచి సంఖ్యే అనుకుని పని మొదలుపెట్టాను. అది నా మొదటి తప్పు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: రాత్రి ఏడు నుంచి తొమ్మిది మధ్య ఆ ఫోన్ అరగంట నీ చేతికి వస్తుందా? ఆగస్టులో ఇలా అడిగితే 15 చేతులే లేచాయి. నాన్న ఫోన్ ఆయనతో పాటు ఆదోని మార్కెట్‌కి పోతుంది, రాత్రి పది గంటలకి ఇల్లు చేరుతుంది. అన్న ఫోన్‌లో రోజు డేటా సాయంత్రానికే అయిపోతుంది. చేతులెత్తని వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే.

ఈ పిల్లలు ఎనిమిదో తరగతిలో ఉండగా, 2022 డిసెంబరులో, ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌లు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి. రెండేళ్ల వాడకంలో కొన్నింటి అద్దం పగిలింది, కొన్నింటి ఛార్జర్ పోయింది, కొన్ని బాగా పనిచేస్తున్నాయి. వాటిని అదనపు బలంగా లెక్కలో వేసుకున్నాను, పునాదిగా వేసుకోలేదు.

అందుకని మూడు దారులు తెరిచాను. వీధికొక గుంపు: ఫోన్ చేతికొచ్చే ఒక పిల్ల లేదా పిల్లవాడి ఇంటి అరుగు మీద నలుగురు కలిసి చూడాలి. రెండోది, మధ్యాహ్న భోజనం అయ్యాక పది నిమిషాలు క్లాసులోని ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకున్న పెద్ద టచ్ తెర) మీద రేపటి వీడియో వేస్తాను, ఎవరైనా వచ్చి చూడొచ్చు. మూడోది, పీరియడ్ మొదట్లో వెనక బెంచీ దగ్గర రెండు ట్యాబ్‌లు. చూడకుండా వచ్చినవాళ్లు అక్కడ చూసేసి వచ్చి కలవాలి. తిట్టడం, నిలబెట్టడం ఉండదు. వెనక బెంచీ సౌకర్యం పెడితే ఇంట్లో చూడటం మానేస్తారేమోనని భయపడ్డాను. మొదటి రెండు వారాలు అలాగే జరిగింది, పన్నెండు పదమూడు మంది అక్కడే చేరేవాళ్లు. తర్వాత వాళ్లే తగ్గారు. ముందు బెంచీల్లో సెల్లులు, బల్బులు పెట్టుకుని మిగతావాళ్లు ఏదో చేస్తుంటే వెనక్కి తిరిగి వీడియో చూడటానికి ఎవరికి మనసొప్పుతుంది? దసరా నాటికి నలుగురైదుగురే మిగిలారు, వాళ్లకి నిజంగానే వేరే దారి లేదు.

వీడియో

తయారీ గురించి ఎక్కువ చెప్పను. రెండు వైపులా పుస్తకాల దొంతర, పైన అడ్డంగా రెండు స్కేళ్లు, వాటి మీద ఫోన్, కింద తెల్లకాగితం, నా చేయి, పెన్ను. ముఖం కనిపించదు. మొదటి వీడియో 18 నిమిషాలు చేశాను, మూడొంతుల మంది సగం కూడా చూడలేదు. తర్వాత ఏదీ ఆరు నిమిషాలు దాటనివ్వలేదు. ఒక వీడియోకి ఒకే విషయం. నాణ్యత 360పీకి తగ్గించి వాట్సాప్‌లో పంపాను. ఫైలు చిన్నదైతేనే మిగిలిన డేటాలో దిగుతుంది. పుస్తకం ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటుంది కాబట్టి, మాట తెలుగులో చెబుతూ పదాలు రెండు భాషల్లోనూ కాగితం మీద రాసేవాణ్ని: రెసిస్టెన్స్, నిరోధం. ఆరు నిమిషాల వీడియోకి రెండు గంటలు పట్టేది. ఇంట్లో పనులున్న టీచరమ్మలకి ఈ రెండు గంటలు ఎక్కడి నుంచి వస్తాయో నాకు తెలుసు. అందుకే అన్ని పాఠాలూ మీరే చేయండని ఎవరికీ చెప్పను. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షలో ఉన్నవాటిలో మంచివి ఏరుకుని, మీ పిల్లలు తడబడే చోటికి మాత్రం సొంత వీడియో చేసుకుంటే చాలు.

“మీరు మాట్లాడుతుంటే ఆపితే ఎట్లా సార్?”

మొదటి మూడు వారాలు క్లాసులోకి అడుగుపెడుతూనే “చూశారా?” అనడిగేవాణ్ని. “చూశాం సార్” అని ముక్తకంఠంతో అనేవాళ్లు. నోట్సు కూడా రాసుకొచ్చేవాళ్లు. ఒకరోజు ఏడు నోటుబుక్కుల్లో ఒకే అక్షరదోషం కనిపించింది. ఒకరు చూసి రాశారు, ఆరుగురు ఎక్కించుకున్నారు. కోపం రాలేదు, భయమేసింది. పాత పద్ధతిలో కనీసం నా గొంతైనా వినేవాళ్లు కదా, అదీ పోగొట్టానేమో అనిపించింది.

ఆ రోజు ప్యానెల్ మీద నా వీడియోనే వేసి పక్కకొచ్చి నిలబడ్డాను. “అర్థం కాని చోట ఎవరైనా లేచి వచ్చి ఆపండి” అన్నాను. వీడియో మొత్తం అయిపోయింది, ఎవరూ లేవలేదు. ఎందుకని అడిగితే ముందు బెంచీలో ఒక పిల్ల మెల్లగా అంది: “మీరు మాట్లాడుతుంటే ఆపితే ఎట్లా సార్?”

ఆ మాట నాకు చాలా నేర్పింది. పదేళ్లుగా పిల్లలకి మనం నేర్పింది అదే: సార్ మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదు. అదే మర్యాదని వాళ్లు ఫోన్‌లోకీ తీసుకెళ్లారు. వీడియోని ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, ఒకే మాట నాలుగుసార్లు వినొచ్చు. క్లాసులో మాటకి లేని బలం వీడియోకి ఇదొక్కటే. దాన్ని వాడుకోవచ్చని పిల్లలకి తెలియనప్పుడు వీడియో నా ఉపన్యాసానికి నాసిరకం నకలు అవుతుంది. సొంతంగా నేర్చుకోవడమన్నది పరికరం చేతికివ్వగానే దానంతటది వచ్చేయదు. దాన్నీ గుణింతాల్లా కూర్చోబెట్టి నేర్పాలి.

వారం రోజులు అదే నేర్పాను. ప్యానెల్ మీద వీడియో వేయడం, ఒకరు లేచి నన్ను ఆపడం, ఎందుకు ఆపారో చెప్పడం. ఎవరూ ఆపకపోతే నేనే తెలియనివాడిలా లేచి నన్ను నేను ఆపేవాణ్ని. మూడో రోజుకి పోటీపడి లేచారు.

ఆ తర్వాత “చూశారా?” అన్న ప్రశ్న మానేశాను. “ఎక్కడ ఆగారు?” అని అడగడం మొదలుపెట్టాను. నోట్సు రాసుకురావడం రద్దు చేసి, దాని బదులు ‘ఆగిన చోటు’ పుస్తకం పెట్టించాను. పేజీకి మూడు గడులు: ఎన్నో నిమిషంలో ఆగాను, అక్కడ సార్ ఏమన్నారు, నా ప్రశ్న ఏంటి. వీడియోకి కనీసం ఒక ఆగిన చోటు ఉండాలి. అంతా అర్థమైందనుకుంటే, అర్థం కాని తమ్ముడు ఎక్కడ ఆగుతాడో ఊహించి రాయాలి. ఇది ఎక్కించుకోవడం కష్టం. ఎక్కించుకున్నా, “నీ ప్రశ్న ఏంట్రా, మళ్లీ చెప్పు” అంటే దొరికిపోతారు.

3:40

నవంబరు మొదటి వారం. విద్యుత్ పాఠంలో రెండో వీడియో. మర్నాడు పుస్తకాలు చూస్తుంటే 31 మందిలో 14 మంది ఒకే చోట ఆగారు. మూడు నిమిషాల నలభై సెకన్లు. మాట్లాడుకుని రాశారనుకోవడానికి లేదు, ప్రశ్నలు వేరువేరుగా ఉన్నాయి. ఒక పిల్ల ఇలా రాసింది: “బల్బుకి ముందు ఎంత కరెంటు ఉందో బల్బు దాటినాక కూడా అంతే అన్నారు. అయితే బల్బు వెలగడానికి ఏం ఖర్చయింది?”

ఆ వీడియో తీసి మళ్లీ విన్నాను. “శ్రేణి సంధానంలో (అంటే వరసగా కలిపినప్పుడు) అన్ని చోట్లా విద్యుత్ ప్రవాహం సమానం” అని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాను. ఏళ్ల తరబడి క్లాసులోనూ అలాగే దాటేసి ఉంటాను. అప్పుడు పిల్లలు తలలూపేవాళ్లు. ఇంటికి కరెంటు బిల్లు వస్తుంది, ‘కరెంటు ఖర్చు’ అని అమ్మ అంటుంది, సెల్లు ‘అయిపోతుంది’. ఇన్ని మాటలు చెవిన పడిన పిల్లకి బల్బు కరెంటుని తినేస్తుందనే అనిపిస్తుంది. నా వాక్యం ఆమెకి అబద్ధంలా వినపడింది, ఆగింది. ఆగడమే సరైన పని.

మర్నాటి పీరియడ్ ఆ ప్రశ్నతోనే మొదలైంది. ల్యాబ్‌లో ఉన్న, కరెంటుని కొలిచే రెండు మిల్లీ అమ్మీటర్లు తెచ్చి, ఒకటి బల్బుకి ముందు, ఒకటి తర్వాత కలిపించాను. రెండు ముళ్లూ ఒకే గీత మీద నిలిచాయి. నమ్మక అమ్మీటర్లు అటుదిటు మార్చారు. అయినా అంతే. అప్పుడు బయట స్టాండు వేసిన సైకిల్‌ని లోపలికి తెప్పించాను. పెడల్ తిప్పితే వెనక చక్రం తిరుగుతుంది. చైనులో లంకెలు ఎన్ని పోతున్నాయో అన్నీ తిరిగొస్తున్నాయి, ఒక్కటీ తగ్గదు. మరి చక్రాన్ని తిప్పింది ఏది? కాలి బలం. చైను దాన్ని మోసుకెళ్లింది. తీగలో పోయే విద్యుత్ ఆవేశం కూడా లంకెల్లాంటిదే, తిరుగుతూనే ఉంటుంది. సెల్లు ఇచ్చే శక్తి బల్బు దగ్గర వెలుగుగా, వేడిగా మారిపోతుంది. ఖర్చయ్యేది శక్తి. వెనక నుంచి ఒకడు అన్నాడు: “అయితే బిల్లు కరెంటుకి కాదు సార్, శక్తికి!” యూనిట్ అంటే కిలోవాట్ అవర్ అని పుస్తకంలో తర్వాత వచ్చే మాట వాడి నోటి నుంచి ముందే వచ్చింది.

ఆ రాత్రి 3:40 దగ్గర నుంచి వీడియో మళ్లీ చేశాను. నా 19 ఏళ్ల సర్వీసులో నా పాఠంలో లోపం ఎక్కడుందో సెకన్లతో సహా ఇంతకు ముందు ఎవరూ చూపించలేదు.

మూడు బల్బుల పీరియడ్

వివరణ ఇంటికి పంపేశాక 45 నిమిషాలు ఏం చేయాలన్నదే అసలు పరీక్ష. పీరియడ్‌ని నేను ఒక ప్రశ్న చుట్టూ కట్టేవాణ్ని. ఇది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990 దశకం మొదట్లో పెట్టిన పద్ధతి: ముందు ఎవరికి వారు ఓటు వేయాలి, తర్వాత పక్కవారితో వాదించాలి, మళ్లీ ఓటు. ఆయన్ని ఆ దారి పట్టించిన వాటిలో ఒక బల్బుల ప్రశ్న ఉంది. కష్టమైన సర్క్యూట్ లెక్కల్ని సమీకరణాలతో చకచకా చేసేసిన విద్యార్థులు, బల్బులతో అడిగిన తేలిక ప్రశ్న దగ్గర తడబడ్డారు. అదే ప్రశ్న మా పిల్లలకి ఇచ్చాను.

ఒకేరకం బల్బులు మూడు, ఏ, బి, సి, వరసగా సెల్లులకి కలిపాం. సి రెండు కొసలకీ అడ్డంగా ఒక స్విచ్ ఉంది. స్విచ్ వేస్తే ఏ, బి బల్బుల వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?

ఓటుకి యాప్‌లు అక్కర్లేదు. గుండె దగ్గర వేళ్లు చూపాలి: పెరిగితే ఒకటి, తగ్గితే రెండు, అంతే ఉంటే మూడు. పక్కవాడికి కనపడకుండా. మొదటి ఓటులో 31 మందిలో 12 మంది సరిగ్గా చెప్పారు. సరైన జవాబేంటో చెప్పకుండా, వేరే జవాబు చెప్పినవాళ్లని వెతుక్కుని నాలుగు నిమిషాలు వాదించుకోమన్నాను. గోల బాగా పెరిగింది. పక్క క్లాసు మేడం తొంగిచూసి వెళ్లారు. ఆ గోలలోకి దూరి విన్నాను. “సి ఆరిపోతే దాని వాటా వీళ్లకొస్తుంది” అని ఒకడు. జవాబు సరైనదే, కారణం తప్పు. వాడి పక్క పిల్ల పట్టుకుంది: “వాటా ఏంది రా? నిరోధం తగ్గె, మూడు ఉన్నెది రెండాయె. అందుకే కరెంటు పెరుగుతాది.” రెండో ఓటులో 24.

అప్పుడే బల్బులు ఇచ్చాను. స్విచ్ వేయగానే కరెంటు సి ని వదిలేసి స్విచ్ దారిన పోయింది. సి ఆరిపోయింది, ఏ, బి భగ్గుమన్నాయి. ఒక్క గుంపులో ఏ వెలుగుతుంది, బి అసలు వెలగదు. పిల్లలు కంగారుపడ్డారు. చూస్తే బి వేరే షాపులో కొన్న బల్బు, దాని ఫిలమెంట్ వేరు. ఈ ప్రయోగం చేసేవాళ్లు బల్బులన్నీ ఒకే పెట్టెలోవి కొనండి. ఆ గుంపుతో లెక్క చేయించాను: ఒక్కో బల్బు నిరోధం ఆర్ అనుకుంటే ముందు మొత్తం మూడు ఆర్‌లు, తర్వాత రెండు. కరెంటు ఒకటిన్నర రెట్లు. ఫిలమెంట్ వేడెక్కితే నిరోధమూ పెరుగుతుంది కాబట్టి అమ్మీటర్‌లో సరిగ్గా అంత కనపడదు. అది ఎందుకని అడిగిన వాడికి ఇంకో రోజు పని దొరికింది.

నెల తర్వాత చెప్పాపెట్టకుండా స్లిప్ టెస్టులో అదే ప్రశ్న కొంచెం మార్చి ఇచ్చాను. 21 మంది కారణంతో సహా రాశారు. దీన్ని ఫ్లిప్ గొప్పతనం అని నేను అనను. పోల్చి చూడటానికి పాత పద్ధతిలో చెప్పిన ఇంకో సెక్షన్ నా దగ్గర లేదు. పాత సంవత్సరాల్లో అయితే ఈ ప్రశ్న అడిగే తీరికే నాకు దొరికేది కాదు, అంతవరకు ఖాయంగా చెప్పగలను.

ప్రయోగసామగ్రి చాలని రోజు ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసే ప్రయోగాలు, ఆదుకున్నాయి. కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్‌లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి ఇవి. ఉచితం, చాలావాటికి తెలుగు ఉంది, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా ఫోన్‌లోనే తెరుచుకుంటాయి. అయితే నిజం బల్బు ముట్టుకున్నాకే వీటిని ఇచ్చాను. తెర మీద బల్బులన్నీ సమానంగా వెలుగుతాయి. ఏ షాపు బల్బు ఎందుకు వెలగలేదన్న ప్రశ్న అక్కడ పుట్టదు.

చెడిన పాఠం

విద్యుత్ తర్వాత అయస్కాంత ప్రభావాలు. అదే ఊపులో అయిర్‌స్టెడ్ ప్రయోగం వీడియో చేసి ముందే పంపాను. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ తీగలో కరెంటు పోతుంటే పక్కనున్న దిక్సూచి ముల్లు తిరగడం చూశాడు. విద్యుత్తుకీ అయస్కాంతత్వానికీ చుట్టరికం ఉందని తెలిసింది అప్పుడే. మర్నాడు క్లాసులో దిక్సూచులు పంచి తీగ కలిపించాను. ముల్లు చక్కగా తిరిగింది. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. “ఇది చూశాం కదా సార్” అన్నారు.

ఏటా ఆ క్షణంలో క్లాసులో “ఓ!” అని ఒక శబ్దం వచ్చేది. ఈసారి నేనే దాన్ని ముందురాత్రి ఆరు నిమిషాల్లో ఖర్చు చేసేశాను. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఆశ్చర్యం ఉన్నది ఏదైనా ముందు క్లాసులో, చేతుల్లో జరగాలి. వీడియో దాని వెనక రావాలి. గుర్తుల సంప్రదాయం, నిర్వచనాలు, సర్క్యూట్ బొమ్మ గీయడం, సూత్రం రాబట్టడం లాంటివి ముందు ఇంటికి పంపొచ్చు. వాటిని పిల్ల తన వేగంతో నాలుగుసార్లు చూసుకుంటుంది.

సుగ్గికి పోయినవాళ్లు

దీపావళి అయిన వారంలో ఐదుగురు వెళ్లిపోయారు, ముగ్గురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. పైన 31 అన్నది అందుకే. వెళ్లేముందు ఒక్కొక్కరికి ఒక జామెట్రీ బాక్సు ఇచ్చాను. అందులో రెండు టార్చి బల్బులు, హోల్డర్లు, తీగ ముక్కలు, రెండు సెల్లులు. ఇంటి ఫోన్‌లో మెమరీ కార్డు వేసి పాఠాలు, సిమ్యులేషన్లు ఎక్కించాను. ‘ఆగిన చోటు’ పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది. రాత్రి సిగ్నల్ దొరికినప్పుడు పేజీ ఫోటో తీసి పంపాలి, లేదా గొంతు రికార్డు చేసి పంపాలి.

వీడియోలు వాళ్లకి అందాయి. మొదటి మూడు వారాల్లో ఒక్క ప్రశ్న మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే ఒక పిల్ల చెప్పింది: “చూస్తాండాం సార్. చూసినాక ఎవరితో మాట్లాడాల?” నేను వాళ్లకి పంపింది పద్ధతిలో సగమే. ఇక్కడ క్లాసులో జరిగే వాదన, ఓటు, పక్కవాడితో గొడవ, అదంతా ఇక్కడే ఉండిపోయింది. అర్థం చేసుకోవడం జరిగేది అక్కడైతే, వీడియో ఒక్కటే పంపడం అంటే విస్తరి వేసి అన్నం వడ్డించకపోవడమే.

డిసెంబరు మొదట్లో దాన్ని సరిదిద్దే ప్రయత్నం చేశాను. అదే రోజుల్లో, 7వ తేదీన, రాష్ట్రమంతా తల్లిదండ్రుల మెగా సమావేశం జరిగింది. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి ప్యానెల్ మీద ఒక వీడియో వేసి చూపించాను, ఆ తర్వాత ‘ఆగిన చోటు’ పుస్తకాలు వాళ్ల చేతుల్లో పెట్టాను. “ఫోన్ చూస్తాంటే ఆడుకుంటాందనుకున్న్యా సార్, ఇది రాస్తాందా?” అని ఒకమ్మ పేజీలు తిప్పుతూనే ఉండిపోయింది. ఆమెకి చదవడం రాదు. ఆ వారం నుంచి ఇంకో ఆరుగురికి రాత్రిపూట ఫోన్ చేతికొచ్చింది.

సుగ్గి పిల్లల కోసం చేసిన మార్పు చిన్నది. వాళ్లు పంపే గొంతుని క్లాసులో స్పీకర్ పెట్టి అందరికీ వినిపించాలి, క్లాసు జవాబుని వాళ్లకి పంపాలి. నేను జవాబు చెప్పకూడదు. మొదటి గొంతు గుంటూరు వైపు ఒక పత్తి చేను గట్టు మీద వేసిన పట్టా గుడారం నుంచి వచ్చింది. వెనక గాలి మోత, ఎవరో పెద్దావిడ దగ్గు. “సార్, మీరిచ్చిన బల్బులు రెండూ రాత్రి వెలుతురుకి పెట్టుకున్న్యాం. పక్కపక్కన కడితే మంచిగా వెలుగుతాయి గానీ సెల్లులు రెండు రాత్రులకే అయిపోయె. కొత్తవి కొని వరస కడితే వెలుగు తక్కువ, కానీ వారమైనా పోల్యా. ఎందుకట్ల?”

క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైంది. వాళ్ల స్నేహితురాలి గొంతు, వాళ్లు నిన్న చదివిన పాఠం. తర్వాత ఐదు బెంచీల్లో ఐదు లెక్కలు మొదలయ్యాయి. శ్రేణిలో రెండు ఆర్‌లు, సమాంతరంలో అర ఆర్. అదే సెల్లుల మీద కరెంటు నాలుగు రెట్లు. “అందుకే తొందరగా తిన్యాది” అని ఒకడంటే, ఇంకొకతె “తినేది కరెంటు కాదు, శక్తి” అని సరిచేసింది. ఫిలమెంట్ వేడి సంగతి గుర్తొచ్చి “సరిగ్గా నాలుగు రాదు” అని మరొకడు. అంతా కలిపి రెండున్నర నిమిషాల గొంతు రికార్డు చేసి పంపారు. రాత్రికి జవాబొచ్చింది: “ఒక్క బల్బే పెట్టుకుంటే?” మర్నాడు పీరియడ్ మళ్లీ ఆమెదే.

జనవరి చివరి దాకా ఇలా పదిహేడు గొంతులు వచ్చాయి. ముగ్గురు ఆడపిల్లలవే ఎక్కువ. ఇద్దరు మగపిల్లల్లో ఒకడు పొద్దంతా బస్తాలు మోసి రాత్రి ఎనిమిదికే నిద్రపోయేవాడు. వాడికి ఏ వీడియో అయినా ఏం చేస్తుంది? ఆదివారం ఒక్కరోజే చూసేవాడు. ఇంకొకడి నంబరు సంక్రాంతి తర్వాత పలకలేదు. వాళ్ల పెదనాన్నని పట్టుకుని ఆరా తీస్తే బెంగళూరులో కట్టడాల పనికి పోయాడన్నారు. పరీక్ష ఫీజు కట్టించి, హాల్ టికెట్ తీసి ఉంచాను. వాడు రాలేదు.

నలుగురు పరీక్షలకి పది రోజుల ముందు ఊరికొచ్చి, మార్చి 17న పరీక్ష హాల్లో కూర్చున్నారు. నలుగురూ సైన్స్‌లో పాసయ్యారు. వాళ్లలో ఒక పిల్లకి మిగతా సబ్జెక్టుల్లో ఇంకోసారి రాయాల్సి వచ్చింది. ఆ సబ్జెక్టులకి ఎవరూ గొంతులు పంపలేదు, వినలేదు. ఒక్క టీచర్ ఒక్క సబ్జెక్టులో చేస్తే ఇంతవరకే అందుతుంది. వచ్చే నవంబరుకి లెక్కల మాస్టారు, సోషల్ మేడం కూడా కలుస్తామన్నారు.

బల్బుల పిల్ల తిరిగొచ్చిన రోజు నేరుగా స్టాఫ్‌రూముకి వచ్చి జామెట్రీ బాక్సు నా బల్ల మీద పెట్టింది. బల్బు ఒకటి మాడిపోయింది, మూతకి పత్తి పీచు అంటుకుని ఉంది. పుస్తకంలో 41 ఆగిన చోట్లు. దాన్ని నేను జిరాక్సు తీసుకుని అసలుది ఆమెకి ఇచ్చేశాను. ఈ వేసవిలో విద్యుత్ వీడియోలన్నీ మళ్లీ చేస్తున్నాను. సమాంతర సంధానం వీడియో ఇప్పుడు నా గొంతుతో మొదలవదు. ఆమెని, వాళ్లమ్మని అడిగి, గాలి మోతతో సహా ఆ ప్రశ్ననే మొదట పెట్టాను. ఇరవై రెండో సెకనులో ప్రశ్న అయిపోతుంది. అక్కడ వీడియో ఐదు సెకన్లు ఖాళీగా ఉంటుంది, ఆపుకోవడానికి.